ఆశ్వయుజం మీద ఆశ్వయుజం

నిజ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

పోటు ఎక్కింది, కరెంటు వచ్చింది, కంప్యూటరు పెట్టె లేచింది. మీటల మధ్య పేరుకున్న ఉప్పు మంచినీళ్ళ గుడ్డతో తుడిచాను. కొత్త నెల టైంటేబుల్ సేవ్ చేశాను. టైంటేబుల్ గది దినచర్యలో రాయవలసింది నిజానికి ఇంతే. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరిచి చూడరు కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే రాసుకుంటాను.

అధిక మాసం పీడ వదిలింది. నెలంతా మా నీలాలతిప్పలో ఎవరూ ఏ కొత్త పనీ మొదలుపెట్టలేదు. పెళ్ళిచూపుల్లేవు, కొత్త పడవని నీళ్ళలోకి దించడాల్లేవు. మా వరసలో ఒకాయన కొత్త చెప్పులు సంచిలోనే దాచుకుని, తెగిన పాతవాటితోనే నెలంతా ఈడ్చాడు. సముద్రం పైకొచ్చి ఊళ్ళన్నీ స్తంభాల మీదికి ఎక్కాయి గానీ పంచాంగం మాత్రం తడవలేదు.

మా బడి కూడా ఎప్పుడు అధిక మాసం వచ్చినా మూతపడేదే. ఈసారి తుఫానుకి కొట్టుకొచ్చిన తెప్పలవాళ్ళు మా రేవులో ఆగిపోయారు. వాళ్ళ పిల్లలు ఊరికే తిరుగుతున్నారని హెడ్మాస్టరు జోగినాథం గారు కింది అంతస్తులో వాళ్ళ కోసం ఒక కొత్త క్లాసు తెరుద్దామన్నారు. శూన్యమాసంలో కొత్త క్లాసా! పర్మినెంటు టీచర్లం ఒక్కరం కూడా ఒప్పుకోలేదు. అందరికంటే ముందు కాదన్నది నేనే. అప్పుడు నాంచారమ్మ లేచింది. టీచరు ట్రైనింగ్ అయిన మనిషే గానీ మా దగ్గర తాత్కాలికం. రోజూ రేవులో నిలబడి పడవల మీంచి పిల్లల్ని చెయ్యిపట్టి దించుతుంది. "చదువుకి మంచి నెల, చెడ్డ నెల ఏంటండీ? నేను చెబుతాను" అంది. నెలంతా చెప్పింది కూడా.

ఇప్పుడు మంచి నెల వచ్చింది కాబట్టి ఆ క్లాసు నేను తీసుకున్నాను. సీనియర్ని కదా. పిల్లలు అక్షరాలు దాటేసి గుణింతాల్లో ఉన్నారు. కష్టమైన పనంతా అయిపోయిన క్లాసు. నాంచారమ్మ మళ్ళీ రేవుకి వెళ్ళింది.

సేవ్ చేస్తున్నప్పుడే డ్రిల్లు మాస్టారు పేరంరాజు తడికాళ్ళతో గదిలోకి వచ్చాడు. ఆటల పట్టిక సేవ్ చేశావా అని అడిగితే తల గోక్కున్నాడు. మా కరెంటు నీటి మర నుంచి వచ్చేది. నీళ్ళు కదిలినంత సేపే ఉంటుంది. పోటు నిలబడిందా, పెట్టె గుటుక్కుమంటుంది, సేవ్ చేయని పనంతా గంగపాలు. అందుకే పోటు నెమ్మదించే వేళకి నేను వరండాలోకి వచ్చి "సేవ్!" అని కేకేస్తాను. పిల్లలు నాకు సేవ్ టీచరని పేరు పెట్టారు. వసుమతి టీచరంటే ఎవరికీ తెలియదు. పేరంరాజుని చెడామడా తిట్టాను. మధ్యలో పెట్టె ఏదో అడిగింది. అవునని నొక్కాను. అది ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది.

శుద్ధ పంచమి

గట్టు మీది విద్యాశాఖ ఆఫీసు నుంచి రేడియో కబురు వచ్చింది. తాత్కాలిక టీచర్లలో ఎవరైనా ఒక క్లాసుని మొదలు నుంచి నెల నిండేదాకా ఒంటరిగా నడిపి ఉంటే, ఆ నెల ఫైలు పంపమన్నారు. అలా నడిపినవాళ్ళు పర్మినెంటు అవుతారు. పర్మినెంటైతే టీచర్ల మేడలో గది ఇస్తారు. అలా నెలంతా క్లాసు నడిపింది మా బడిలో ఒక్క నాంచారమ్మే. రేవులో కట్టేసిన పాత పడవలో కాపురం ఉంటోంది. వాన పడితే గొడుగు కింద వంట. ఇప్పుడు ఖాయం కాకపోతే నెలాఖరుకి వేరే తిప్పకి పంపేస్తారు. మళ్ళీ మొదటి నుంచి మొదలు.

కబురు ఎలా తెలిసిందో, గది గుమ్మం దగ్గర నిలబడింది. కాళ్ళకి బురద ఉందని లోపలికి రాలేదు.

"ఆఫీసోళ్ళు ఫైలు అడిగారంట గదా మేడమ్?"

"అడిగారు. పంపిస్తాను."

"ఉంటది గదండీ అది?"

నాకు చిర్రెత్తింది. "నా దగ్గర ఏదైనా పోవడం ఎప్పుడైనా విన్నావా?" అన్నాను.

"అయ్యో, లేదండి లేదండి" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

పెట్టె తెరిచాను. ఫైళ్ళకి మేం నెల పేర్లే పెడతాం. ఏ తిథికి పోటు ఏ వేళకి వస్తుందో నెల మారినా ఇంచుమించు మారదు కనుక మా టైంటేబుల్ అంతా తిథుల మీదే నడుస్తుంది. కింది గదుల్లో ఏ వేళ క్లాసు, ఏ వేళ ఇనుప తలుపులు దిగాలి, ఊళ్ళో ఏ పడవ ఎప్పుడు కదలాలి, గంట ఎప్పుడు మోగాలి, అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే. జరిగిన క్లాసుకి టిక్కు కూడా అందులోనే. శ్రావణం ఉంది. భాద్రపదం ఉంది. ఆశ్వయుజం ఉంది. ఒకటే ఆశ్వయుజం ఉంది.

రెండుండాలి.

పెట్టెలో నెలల పేర్లు పన్నెండే. అధికం అన్న మాట దానికి తెలియదు. అధిక మాసం టైంటేబుల్ చేసినప్పుడు ఆశ్వయుజం అని పెట్టాను. పాడ్యమి నాడు నిజ మాసానిదీ ఆశ్వయుజం అనే పెట్టాను. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని మీదే రాయమంటారా అని పెట్టె అడిగింది. పేరంరాజుని సేవ్ చేయనందుకు తిడుతూ, అవునని నొక్కింది నేనే. ఈ బడి పుట్టాక అధిక మాసంలో టైంటేబుల్ వేయడం ఇదే మొదలు. ఇదివరకు ఆ నెలంతా పడవల్ని, తలుపుల్ని చేత్తోనే నడుపుకునేవాళ్ళం. ఇంతకుముందు ఎవరూ తొట్రుపడలేదంటే ఎవరికీ ఆ అవకాశమే రాలేదన్నమాట.

ఫైలు తెరిచి చూశాను. తెప్పల పిల్లల క్లాసు. టీచరు: వసుమతి. పాడ్యమి నుంచి అమావాస్య దాకా ప్రతి గడిలోనూ నా పేరే.

శుద్ధ సప్తమి

వెతకనిచోటు లేదు. పెట్టె తనంతట తాను దాచుకునే నకళ్ళు చూశాను. అది చివరి కొన్ని మాత్రమే ఉంచుకుని పాతవి పారేస్తుందట. పారేసింది. చెత్తబుట్ట చూశాను. మీద రాసిన ఫైలు చెత్తబుట్టకి పోదని అక్కడే నాకు తెలిసింది. బడిలో సేవ్ గురించి ఉపన్యాసాలిచ్చేది నేను.

నకలు ఉన్నది ఒక్కచోట. ప్రతి అమావాస్యకీ ఆ నెల ఫైలున్న కార్డుని టపా పడవలో గట్టుకి పంపుతాం. అక్కడి ఆఫీసు దాన్ని మరుసటి అమావాస్య దాకా దాచి, కొత్త కార్డు అందగానే పాతదాన్ని తుడిచి పంపుతుంది. అంటే అధిక మాసం కార్డు వచ్చే దీపావళి అమావాస్య వరకూ బతికుంటుంది. దాని తాళం మా పెట్టెకి తప్ప వేరే పెట్టెకి పడదు. ఇక్కడికి తెప్పించి తెరవాలి.

తెరవడంలోనే ఉంది చిక్కంతా. మా పెట్టెలో ఒకసారికి ఒకటే ఫైలు నడుస్తుంది. పాతది తెరిస్తే పడవలు, తలుపులు, గంట అన్నీ అందులోని పాడ్యమి నుంచి కదలడం మొదలుపెడతాయి. పిల్లలు లోపలుండగా తలుపులు దిగితే ఏం కాను? అందుకని పాత ఫైలు తెరిచిన ఆ ఒక్క పోటుకి ఊరంతా ఆగిపోవాలి. పడవలు కట్టేయాలి, తలుపుల మరలు ఆపాలి. ఊరిని ఆపిన మనిషి బురుజెక్కి, మైకులో తన నోటితో తానే కారణం చెప్పాలి. ఇంకొకరు చెప్పకూడదు. ఇది పెద్దల కాలం నుంచీ ఉన్న కట్టడి. మా ఊళ్ళో దీన్ని తిరగతోడడం అంటారు.

పోయినేడు పేరంరాజు ఆటల పోటీల పట్టిక పోగొట్టుకుని బురుజెక్కాడు. "నేను సేవ్ చేయడం మర్చిపోయానండీ" అన్నాడు, ఊరంతా వినేలా. చేపల బేరం పోయినవాళ్ళు తిట్టారు, మిగతావాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన తిరగతోడు మాస్టారు. ఆ పేరు పెట్టింది పిల్లలని అందరూ అనుకుంటారు. పెట్టింది నేను.

శుద్ధ నవమి

ఆయుధపూజ. పెట్టెకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఇవాళ దాన్ని ముట్టకూడదు. ముట్టనందుకు హాయిగా ఉంది.

హారతి ఇచ్చాక జోగినాథం గారు టీచర్లందరి ముందూ, "మన వసుమతి గారు ఉన్నంతకాలం ఈ పెట్టెకి దిగుల్లేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొబ్బరిముక్క నోట్లో వేసుకుని తల వంచుకున్నాను.

తర్వాత పక్కకి పిలిచి, "ఆ నాంచారమ్మ ఫైలు పంపించారా?" అని అడిగారు.

"కనబడటం లేదండి."

అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆయన గడ్డం నిమురుకున్నారు. "టిక్కులు పెట్టి ఉండదు. క్లాసవగానే టిక్కు పెట్టాలని చెప్పేవాళ్ళెవరు పాపం. తాత్కాలికం వాళ్ళతో ఇదే. చెప్పిందో, పిల్లల్ని కూర్చోబెట్టి కబుర్లే చెప్పిందో..."

నేను నోరు తెరవాల్సింది అక్కడ. టిక్కులన్నీ పెట్టింది, గంట మోగీ మోగకముందే వచ్చి పెట్టేది, నా కళ్ళతో చూశాను అనాల్సింది. "ఏమోనండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! అరిటాకు తీసుకుని ప్రసాదం పెట్టించుకుంటూ, ఎవరి ముఖమూ చూడలేక ఆకు వైపే చూస్తూ నిలబడ్డాను.

పౌర్ణమి

పెద్ద పోటు. నీళ్ళు మధ్య అంతస్తు మెట్ల దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక కింది గదుల్లో నాచు కడిగించి బల్లలు ఎండకేశాం.

తెప్పల పిల్లల క్లాసు తీసుకోవడం రోజురోజుకీ కష్టమైపోతోంది. నేను బోర్డు మీద ఏ గుణింతం రాసినా గబగబా చదివేస్తారు. అంత బాగా ఎవరు నేర్పారో నాకు తెలుసు. గంగులు అనే పిల్ల రోజూ అదే అడుగుతుంది. "మా టీచరు ఎప్పుడొస్తది?" ఇవాళ విసుక్కుని, "నేనే మీ టీచర్ని" అన్నాను. పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "కాదు, మీరు సేవ్ టీచరు" అంది.

సాయంత్రం పడవలెళ్ళాక నాంచారమ్మ వచ్చింది. ఈసారి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తప్పు నాదేనండి మేడమ్" అంది.

"ఏం తప్పు?"

"ఫైలు పోయిందని హెడ్మాస్టరు గారు చెప్పారు. నేనే ఏదో నొక్కుంటానండి. మొదట్లో మీరు తిట్టారు గుర్తుందా? సేవ్ చెయ్యడం కూడా రాదు, నీకెవరిచ్చారు ట్రైనింగని. ఆ రోజు నుంచి జాగ్రత్తగానే ఉన్నానండి. రెండేసి సార్లు నొక్కేదాన్ని. మరి ఎక్కడ పొరబడ్డానో." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ పెట్టెని పాడుచేశాను. ఏమీ అనుకోకండి."

క్షమాపణ అడగడానికి వచ్చింది. నా దగ్గరికి!

నేను చెప్పిన మాట ఇక్కడ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. "సర్లే, చూద్దాం, దిగులుపడకు" అన్నాను. పెద్దరికంగా, భుజం మీద చెయ్యేసి. ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ చేతిని సబ్బుతో కడుక్కున్నాను. ఎందుకో నాకే తెలియదు.

బహుళ పంచమి

మైకులో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుందామని కూర్చున్నాను. మొదటిది: "సాంకేతిక లోపం వల్ల..." చింపాను. రెండోది: "అధిక మాసం పేరు పెట్టెలో లేనందువల్ల..." ఇది నిజమే, కానీ పెట్టె మీద తోసేయడమే. చింపాను. మూడోది "నేను" అన్న మాటతో మొదలైంది. దాని తర్వాత కలం కదల్లేదు.

పేరంరాజు దగ్గరికి వెళ్ళాను. రేవు దగ్గర పిల్లలకి ఈత నేర్పుతున్నాడు. పిల్లల్ని ఒడ్డుకి రమ్మని ఈల వేసి, తల తుడుచుకుంటూ వచ్చాడు. జరిగింది చెప్పాను. ఇంతవరకూ ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మైకు దగ్గర నోరెండిపోద్దండి మేడమ్. చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళండి" అన్నాడు.

"అంతేనా?"

"ఇంకేం చెప్పమంటారు? పైకెక్కి మాట్లాడ్డం పెద్ద కష్టం కాదు. దిగాక స్టాఫ్ రూముకెళ్ళడమే కష్టం. నేను అడుగుపెట్టేసరికి అందరూ తలొంచుకున్నారు, పాపం అనుకున్నారేమో. మీరొక్కరే నవ్వారు."

గుర్తుంది నాకు. టీ గ్లాసు చేతిలో ఉంది, నవ్వు ఆపుకోలేక ఒలకబోసుకున్నాను.

"ఆ తిరగతోడు మాస్టారు పేరు..." అని మొదలుపెట్టాను.

"తెలుసండి" అన్నాడు. "మీ గొంతుతోనే మొదట విన్నాను, గోడ అవతల నుంచి." ఈల వేసి మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

బురుజు మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ముఖం చెల్లలేదు. ఇంకా రోజులున్నాయి కదా అనుకున్నాను.

బహుళ ఏకాదశి

రోజులు లేవు. గట్టు నుంచి కబురు: నాంచారమ్మ తాలూకు ఫైలు అందలేదు కనుక కొత్త తాత్కాలికాన్ని టపా పడవలో పంపుతున్నాం, ఈమెని చిట్టచివరి తిప్పకి మార్చాం, అమావాస్య పడవలో బయల్దేరాలి. అదే పడవలో కొత్త కార్డు వెళుతుంది. అది అందగానే పాత కార్డు తుడిచేస్తారు.

క్లాసు కిటికీలోంచి చూశాను. నాంచారమ్మ తన పడవలో సామాను సర్దుతోంది. సామానంటే ఏముంది, ఒక పొయ్యి, చాప, బిందె. బెంచీ మీదెక్కి చూస్తున్న పిల్లలు ఒక్కొక్కరే నిశ్శబ్దంగా దిగి వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. గంగులు కూడా నన్నేమీ అడగలేదు. ఎప్పుడూ అడిగే పిల్ల అడగకపోతే తట్టుకోలేకపోయాను.

క్లాసు మధ్యలో వదిలేసి హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాను. నా ఉద్యోగంలో క్లాసు వదిలింది ఇదే మొదలు.

"తిరగతోడాలండి. కార్డు తెప్పించండి."

"దేనికి?"

"నాంచారమ్మ ఫైలు మీద నా ఫైలు రాశాను. పాడ్యమి నాడు. పంచమికే నాకు తెలుసు."

ఆయన కళ్ళజోడు తీశారు. తర్వాత పెట్టుకున్నారు. "పంచమికే తెలుసా?" అని మాత్రం అడిగారు. తప్పు చేసినందుకు కాదు, ఇన్నాళ్ళు తొక్కిపెట్టినందుకు ఆయన ముఖం మారింది. వాదించలేదు, తిట్టలేదు. గట్టుకి రేడియో చేశారు. రేపు టపా పడవ వచ్చి కార్డు ఇచ్చి పోతుంది. తిరగతోడేది ఎల్లుండి పొద్దుటి పోటుకి. బురుజు తాళం నా చేతిలో పెట్టారు.

బహుళ త్రయోదశి

చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళాను.

కింద పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. దీపావళి సరుకుల పడవలు కూడా. జనం మేడల మీద, దిబ్బల మీద నిలబడి చూస్తున్నారు. మైకు నొక్కి చెప్పాను: "నేను టైంటేబుల్ వసుమతిని. అధిక మాసంలో నాంచారమ్మ టీచరు తెప్పల పిల్లలకి నెలంతా క్లాసు చెప్పారు. ఆ ఫైలు మీద నా ఫైలు రాసి పోగొట్టింది నేను. తెలిశాక కూడా చెప్పలేదు. ఆవిడే పోగొట్టుకున్నారని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నాను. అందుకే ఈ పోటుకి మీ పనులు ఆపాను." ఇంతే. ఎవరో "సేవ్ టీచరే!" అని అరిచారు. నవ్వులు. ఒక ముసలాయన మందుల పడవ ఆగిందని బూతులు తిట్టాడు. అన్నీ విన్నాను. నా గొంతు వణకలేదు, అదే నాకు వింత.

దిగి టైంటేబుల్ గదికి వచ్చేసరికి జోగినాథం గారు, పేరంరాజు, నాంచారమ్మ ఉన్నారు. పడవలు కదలవు కనుక తెప్పల పిల్లలు ఇంటికి పోలేక గుమ్మంలో గుంపుకట్టారు. నాంచారమ్మ నా వైపు చూడలేదు. కార్డు పెట్టాను. ఈ పేరుతో ఫైలు ఉంది, ఏం చేయమంటారని పెట్టె అడిగింది. ప్రతి అక్షరం చదివి, విడిగా ఉంచమని చెప్పాను. ఫైలు తెరుచుకుంది.

చెక్కుచెదరలేదు. పాడ్యమి నుంచి అమావాస్య దాకా అన్ని గడులూ నిండి ఉన్నాయి, అన్నిటికీ టిక్కులు. ఊపిరి పీల్చుకోబోయాను. అంతలో గుమ్మంలోంచి గంగులు, నేర్చుకున్న పిల్ల కదా, తెర మీదున్నది కూడబలుక్కుని చదివింది.

"అ... ద... నం. అదనం." కింది గడి. "అదనం." దాని కింది గడి. "అదనం. టీచరూ, అదనం అంటే ఎవరు?"

టీచరు పేరు ఉండాల్సిన ప్రతిచోటా అదే ఉంది. అదనం. అప్పుడు గుర్తొచ్చింది. తాత్కాలికం టీచరుని పేరుతో ఎక్కించాలంటే ఇంటిపేరు, ఊరు, పుట్టిన తేదీ అడిగి రాసి, గట్టు నుంచి నంబరు తెప్పించాలి. శూన్యమాసం క్లాసుకి అంత తతంగమెందుకని ఆ గడిలో అదనం అని కొట్టి, కిందికంతా లాగేశాను. క్షణం పట్టలేదు.

నాంచారమ్మ తెర వైపు చూస్తూ, "నేనేనమ్మా" అంది గంగులుతో.

జోగినాథం గారు రేడియో కలిపారు. అటువైపు గుమాస్తా విని, "ఫైలు చెల్లుతుందండి. అయితే ఈ అదనం ఎవరో టైంటేబుల్ చేసినవారే చెప్పాలి. పూర్తి పేరు, ఇంటిపేరుతో. రాసుకుంటున్నాను, చెప్పండి" అన్నాడు.

నోరు తెరిచాను. నాంచారమ్మ, అన్నాను. ఆగిపోయాను. రోజూ పొద్దున్నే ఆవిడ పట్టుకున్న చెయ్యి ఊతంగానే నేనూ పడవ దిగేదాన్ని. ఎన్నేళ్ళుగానో. ఇంటిపేరు నాకు తెలియదు.

"చెప్పండి మేడమ్" అన్నాడు గుమాస్తా.

రేడియో చేత్తో మూసి, ఆవిడ వైపు తిరిగాను. హెడ్మాస్టరు ముందు, పేరంరాజు ముందు, పిల్లలందరి ముందు అడగాల్సి వచ్చింది.

"మీ ఇంటిపేరేమిటండీ?"

ఆవిడని నేను మీరు అనడం అదే మొదటిసారి. అది కూడా అక్కడే గమనించాను.

"సైకం" అంది.

"సైకం నాంచారమ్మ" అన్నాను రేడియోలో. పొద్దున ఊరంతటి ముందు వణకని గొంతు అప్పుడు వణికింది. గుమాస్తా సరిగ్గా వినబడలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. రాసుకున్నాడు. మార్పు రద్దు, మేడలో గది, ఉత్తర్వు అమావాస్య పడవలో. పేరంరాజు ఈల వేశాడు. పిల్లలు ఎగిరారు. జోగినాథం గారు ఆ పిల్లల క్లాసు ఆవిడకే అన్నారు, నావైపు చూడకుండా. నేను నిజ మాసం ఫైలు మళ్ళీ నడిపించాను. కింద పడవలు కట్లు విప్పుకున్నాయి.

అందరూ వెళ్ళాక నాంచారమ్మ ఒక్కతే గుమ్మం దగ్గర ఆగింది.

"ఫైలు పోవడం ఎవరికైనా జరుగుద్దండి. దానికి నాకేం కోపం లేదు" అంది. ఇంకా ఏదో అనాలా వద్దా అని కాసేపు చూసింది. "పేరు... అడిగుంటే చెప్పేదాన్ని గదండీ."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళేదాకా నేను తలెత్తలేదు.